ఫిర్యాదుకు టీకా

మా సంస్థలో ఫిర్యాదులు ఎక్కువైపోయాయని బయటివాళ్ళెవరూ అనలేదు. ఆ సంగతి కనిపెట్టింది మా డైరెక్టరు డాక్టర్ కూర్మనాథరావు గారు. ఉదయం కారు దిగి తన గదికి చేరాలంటే ఆయన ఓపీ హాలు దాటాలి. ఆ హాల్లో టెక్కలి నుంచీ, పార్వతీపురం నుంచీ, ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచీ చీకటితోనే బస్సెక్కి వచ్చిన జనం ఉంటారు. వాళ్ళకి కాన్సరు ఉంటుంది. కాన్సరు సంస్థకి డైరెక్టరు కాబట్టి అది ఆయనకి అలవాటే. వాళ్ళకి నోరు కూడా ఉండడమే ఆయనకి ఇబ్బందిగా ఉండేది.

ఫాను తిరగడం లేదనేవారు. లిఫ్టు పైకి వెళ్ళిందంటే మళ్ళీ కిందికి రావడం లేదనేవారు. స్కానింగుకి ఇచ్చిన తేదీ చూసి, అప్పటిదాకా మేముంటామా అని అడిగేవారు. డైరెక్టరు గారు వెనక గోడ కొట్టించి తనకోసం వేరే ద్వారం పెట్టించుకున్నారు. కొద్దిరోజుల్లో జనం ఆ ద్వారం దగ్గర కూడా నిలబడ్డారు. ఫిర్యాదుల పెట్టె పెట్టించారు. నిండింది. ఇంకొకటి పెట్టించారు. అదీ నిండింది. పెట్టెలు పెట్టడం వల్లే ఫిర్యాదులు పుడుతున్నాయని పరిపాలనాధికారి వరాహమూర్తి గారు ఒక నివేదిక సమర్పించారు. రెండు పెట్టెలూ తీసేశారు. ఫిర్యాదులు మాత్రం పోలేదు.

సరిగ్గా అప్పుడే సంస్థకి నాణ్యతా గుర్తింపు ఇవ్వడానికి రాజధాని నుంచి ఒక బృందం వస్తుందని కబురొచ్చింది.

నేను ఆ సంస్థలో డాక్టర్ రెజీనా గారి లాబులో అసిస్టెంటుని. ఆ లాబులో జరిగే పని గురించి రెండు మాటలు చెప్పాలి. రొమ్ము కాన్సర్లలో ఒక మొండి రకం ఉంది. మిగతా రకాలకి పనికొచ్చే మందులు చాలావాటికి అది లొంగదు, తొందరగా పాకుతుంది. డాక్టర్లు దాన్ని దూకుడు రకం అంటారు. ఆ గడ్డ ఊరికే కూర్చోదు. కంటికి ఆనని సన్న బుడగల్ని ఒంట్లోకి వదులుతూ ఉంటుంది. మన ఒంట్లో రోగాల మీద కాపలా కాసే కణాలుంటాయి కదా, ఆ బుడగలు వెళ్ళి వాటిని జోకొడతాయి. కాపలా నిద్రపోతే గడ్డకి దారి దొరుకుతుంది. రెజీనా గారి ఆలోచన ఏమిటంటే, ఆ బుడగల్నే పట్టుకుని, జోకొట్టే గుణం తీసేసి, గడ్డ ఆనవాళ్ళు మాత్రం ఉంచి, కాపలా కణాల్ని తట్టిలేపే మందొకటి జతచేసి తిరిగి ఒంట్లోకి పంపాలి. అప్పుడు కాపలా కణాలు ఆ ఆనవాలు పట్టి గడ్డ మీదికి పోవాలి. ఎలుకల్లో పోయాయి. మనుషుల్లో చూడడానికి పై కమిటీలన్నీ అనుమతి ఇచ్చాయి.

మొదటి మనిషి సన్యాసమ్మ. పలాస దగ్గర జీడి బట్టీలో పిక్కలు కొట్టే మనిషి. జీడి రసానికి ఆమె వేళ్ళ కొసలు నల్లగా కాలిపోయి ఉండేవి. ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. ఆమె గడ్డలోంచి తీసిన ముక్కని లాబులో పెంచి, అది వదిలిన బుడగలతోనే ఆమెకి మందు తయారుచేస్తున్నాం. కీమో ముగిసిన కొద్ది వారాల్లోనే మొదటి మోతాదు పడాలి. ఒంట్లో ఎక్కడైనా నాలుగు చెడ్డ కణాలు మిగిలిపోయి ఉంటే, అవి మళ్ళీ పుంజుకునేలోపు కాపలా లేవాలి.

రెజీనా గారు ఇదంతా చెబితే సన్యాసమ్మ నెమ్మదిగా విని, "అయితే నా గెడ్డ ఇసిరిన రాయితోనే దాన్ని కొడతారన్నమాట" అంది.

"కొడదాం. తగుల్తుందో లేదో చూడాలి" అన్నారు రెజీనా గారు. ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పే అలవాటు ఆవిడకి లేదు.

సన్యాసమ్మతో ఆమె తోటికోడలు ఈశ్వరమ్మ వచ్చేది. సన్యాసమ్మ ఎంత తక్కువ మాట్లాడేదో ఈశ్వరమ్మ అంత ఎక్కువ మాట్లాడేది. ఇద్దరి మాటలూ కలిపి ఈవిడకే ఇచ్చేశారేమో అనిపించేది.

నెలకోసారి మా సంస్థలో సెమినారు జరుగుతుంది. డైరెక్టరు గారు దీపం వెలిగించి, ముందు వరసలో కూర్చుని, ముగిసేదాకా కళ్ళు మూసుకుని ఆలోచిస్తారు. ఆ నెల రెజీనా గారి వంతు. బుడగల బొమ్మలు తెర మీద నడుస్తుండగా డైరెక్టరు గారు కళ్ళు తెరిచారు. సంస్థ చరిత్రలో అలా జరగడం అదే మొదలని పక్కనున్నవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

"అంటే డాక్టర్ గారూ, కీడు చేసేదే తనకి విరుగుడుగా పనికొచ్చే సరుకుని కూడా ఉత్పత్తి చేస్తుందన్నమాట."

"అలా వాడుకోవచ్చు సార్."

"ఉచితంగా."

"గడ్డ డబ్బేమీ అడగదు సార్."

"దాన్ని నీరసపరిచి, కొంచెం కొంచెంగా ఎక్కిస్తే, అసలు కీడు వచ్చినా ఏమీ కాదు."

ఇది తను చెప్పింది కాదని రెజీనా గారు వివరించబోయారు. డైరెక్టరు గారు అప్పటికే లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, రోగుల నుండి వెలువడు ఫిర్యాదులను శాస్త్రీయ పద్ధతిలో సేకరించి, శుద్ధిచేసి, తీవ్రత తగ్గించి, క్రమబద్ధమైన మోతాదులలో సిబ్బందికి అందజేయుట ద్వారా సంస్థాగత నిరోధక శక్తిని పెంపొందించు పథకమునకు శ్రీకారం చుట్టడమైనది. పథకానికి శాస్త్ర సలహాదారు డాక్టర్ రెజీనా. ఆవిడ సమ్మతి అడగలేదు. సేకరణ పని నాకు అప్పగించారు. నేను మాట్లాడను కాబట్టి బాగా వింటానని వరాహమూర్తి గారి ఊహ.

సేకరించడం కష్టం కాలేదు. హాల్లో ఒక బల్ల ముందు కూర్చుంటే చాలు. కష్టమంతా శుద్ధి విభాగంలోనే. దాన్ని వరాహమూర్తి గారు స్వయంగా నడిపేవారు. ఉదాహరణకి మొదటి రోజున ఒకాయన వచ్చి, మా అమ్మకి నొప్పి మందు అయిపోయింది, కౌంటరు దగ్గర రేపు రమ్మంటున్నారు, ఈ రాత్రి ఎలా గడుస్తుంది అని అడిగాడు. వరాహమూర్తి గారు దాన్ని పరీక్షించి, అమ్మ అన్నది భావోద్రేక పదార్థం కనుక తీసేశారు. నొప్పి అన్నది వ్యాధికారక పదార్థం, అది తీసేశారు. ఈ రాత్రి అన్నది తొందరపెట్టే పదార్థం, అదీ తీసేశారు. చివరికి, "కౌంటరు దగ్గర రేపు రమ్మంటున్నారు" అన్నది మిగిలింది. వింటే ఎవరో దారి చెబుతున్నట్టు ఉంది.

ఉదయం ప్రార్థన అయ్యాక సిబ్బందినంతా నిలబెట్టి ఆ మోతాదు చదివారు. అంత నీరసపరిచినా కొందరికి పడలేదు. ఒక నర్సు ఏ కౌంటరు అని అడిగింది. కాషియరు పరిగెత్తుకెళ్ళి తన కిటికీ వేళకి ముందే తెరిచేశాడు. ఇలాంటివాటిని ప్రతికూల ప్రతిచర్యలు అంటారని వరాహమూర్తి గారు ధైర్యం చెప్పి, వాళ్ళిద్దర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి, గ్లూకోజు బిస్కెట్లు ఇచ్చి, కాసేపు గమనించారు. ఇద్దరూ కోలుకున్నారు. కాషియరు కిటికీ మూసేశాడు.

తర్వాతి మోతాదులో "ఈ రాత్రి" చేర్చారు. ఆ తర్వాత "నొప్పి" చేర్చారు. నర్సుకి మళ్ళీ పడలేదు గాని, ఈసారి ఏ కౌంటరని అడగలేదు, కళ్ళు మాత్రం తుడుచుకుంది. అమ్మతో కలిపి పూర్తి మోతాదు ఇచ్చేసరికి అందరూ అలవాటుపడ్డారు. కాషియరు రసీదులు చింపుతూ, వాటిలో తప్పు రాకుండా మొత్తం ఫిర్యాదు వినగలిగే స్థితికి చేరుకున్నాడు.

అలవాటుపడ్డారని నోటిమాటగా చెబితే గుర్తింపు బృందం ఒప్పుకోదు కదా. అందుకని వేలికి తగిలించి నాడి చూసే క్లిప్పులు వార్డుల్లోంచి తెప్పించారు. ఫిర్యాదు చదువుతున్నప్పుడు నాడి వేగం మారకపోతే ఉత్తీర్ణులు. మారితే ఇంకో మోతాదు. ఈ పరీక్షలోనే ఒక అద్భుతం బయటపడింది. మందుల స్టోరు గున్నయ్య గారికి ఒక్క మోతాదు కూడా ఇవ్వకుండానే నాడి కదల్లేదు. సర్వీసులో చేరిన దగ్గర్నుంచీ ఆయనకి ఏ ఫిర్యాదూ సోకలేదని తేలింది. సహజ నిరోధక శక్తి అంటే ఇదేనని డైరెక్టరు గారు ఆయన్ని కౌగిలించుకుని, ఆ రహస్యం కనుక్కోడానికి రక్తం తీయించారు. పరీక్షలో షుగరు బయటపడింది.

ఇంత బాగా నడుస్తున్న పథకానికి ఒక చిక్కు వచ్చింది. జనం ఫిర్యాదు చెయ్యడం తగ్గించేశారు. చెప్పినా లాభం లేదని తెలిసి, తువ్వాలు తల కింద పెట్టుకుని నేలమీదే పడుకుంటున్నారు. నా బల్ల ముందు పొద్దుటి నుంచీ ఎవరూ నిలబడని రోజులొచ్చాయి. సరుకు లేదు, మోతాదులు లేవు, బృందం రావడానికి ఎక్కువ వ్యవధి లేదు.

డైరెక్టరు గారు లాబుకి వచ్చారు. గడ్డ కణాలు బుడగలు సరిగ్గా వదలకపోతే మీరేం చేస్తారని రెజీనా గారిని అడిగారు. ఆవిడ సూక్ష్మదర్శినిలో చూస్తున్నారు. తల ఎత్తకుండా, కణాల్ని ఇబ్బంది పెడితే ఎక్కువ వదుల్తాయని చెప్పారు. గాలి తగ్గించాలి, తిండి తగ్గించాలి, కొంచెం వేడి పెంచినా ఫరవాలేదు. డైరెక్టరు గారు కృతజ్ఞతలు చెప్పి వెళ్ళారు.

మధ్యాహ్నానికి హాల్లో ఫాన్లు ఆగిపోయాయి. కిటికీలు మూసి మేకులు కొట్టారు. కాంటీనుకి తాళం వేశారు. నాలుగు కౌంటర్లు ఉండగా మూడు మూసేశారు. బెంచీలు మరమ్మతుకని తీసుకెళ్ళారు. రెజీనా గారు హాల్లోకి వచ్చి, ఏం జరిగిందో చూసి, గోడకి చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడిపోయారు. ఆ తర్వాత ఆవిడ ఏ ప్రశ్నకీ తల ఎత్తకుండా జవాబు చెప్పడం నేను చూడలేదు.

దిగుబడి పెరిగింది. అందులో మేలురకం ఈశ్వరమ్మది.

ఆరోజు సన్యాసమ్మకి ఆఖరి కీమో. హాల్లో నేలమీద గోడకి చేరగిలబడి ఉంది. ఈశ్వరమ్మ చెంగుతో ఆమెకి విసురుతూ విసురుతూ, ఉన్నట్టుండి లేచి నా బల్ల ముందుకు వచ్చింది. నన్ను చూడలేదు. నా వెనకాల గోడ మీద డైరెక్టరు గారి ఫోటో ఉంది, దాన్ని చూసింది.

"మా బట్టీల పిక్కలైనా ఏగీసినాక బయిటికి తీసెత్తారు బాబూ. మీరేటి, మనుసుల్ని ఏపుకుంటానే కూకున్నారు. దానికి మందియ్యాల, దాన్నింటికంపాల. కాదంతే సెప్పీయండి, ఇక్కడే ఎదురుగా సచ్చి సూపిత్తాది. అప్పుడైనా ఫాను ఏత్తారా, లేదా ఆ శవానికీ సీటీ రాసిచ్చి లైన్ల నిలబెడతారా."

ఇది మొదలు మాత్రమే. మొత్తం పథకంలో అంత పదునైన ఫిర్యాదు ఎవరూ ఇవ్వలేదు. దాన్ని ఎంత శుద్ధి చేసినా ఇంకా మండుతూనే ఉండేది. మోతాదుగా ఇస్తే గున్నయ్య గారి నాడి కూడా కొంచెం కదిలింది. డైరెక్టరు గారు ఆనందం పట్టలేక, ఇది దూకుడు రకం, ఈ మూలాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కాపాడుకోవాలి అని ఆదేశించారు. ఈశ్వరమ్మకి గేటు పాసు ఇచ్చారు. వచ్చినప్పుడల్లా టీ ఇమ్మన్నారు. ఆవిడ ఆ టీలో చక్కెర లేదని తిట్టింది. అదీ సేకరించుకున్నాం.

కొన్నాళ్ళకి సన్యాసమ్మ మందు సిద్ధమైంది. పరీక్షలన్నీ నెగ్గింది. చిన్న సీసాల్లో మా లాబు ఫ్రీజరులో ఉంది. కమిటీ అనుమతి ఉంది, సన్యాసమ్మ వేలిముద్ర ఉంది. లేనిదల్లా డైరెక్టరు గారి సంతకం. ఫ్రీజరులోంచి కొత్త మందు ఏది బయటికి వెళ్ళాలన్నా ఆ సంతకం కావాలి. రెజీనా గారు ఫైలు పంపారు. ఫైలు వరాహమూర్తి గారి బల్ల దాటుతూ ఒక నోటు తగిలించుకుని వెళ్ళింది.

మందు మంజూరైన పక్షంలో సదరు సన్యాసమ్మ తోటికోడలగు ఈశ్వరమ్మకు ఫిర్యాదు చేయవలసిన ఆవశ్యకత తొలగిపోవు ప్రమాదం కలదు. తద్వారా సంస్థకు లభించుచున్న ఏకైక దూకుడు రకం మూలం ఎండిపోగలదు. కావున మంజూరు అంశాన్ని గుర్తింపు బృందం పర్యటన అనంతరం సముచిత సమయంలో పరిశీలించవచ్చును.

బృందం వచ్చే తేదీ రెండుసార్లు వెనక్కి జరిగింది. ఫైలు కదల్లేదు. సన్యాసమ్మకి మేం పెట్టుకున్న గడువు తరిగిపోతోంది. వాళ్ళిద్దరూ పలాస నుంచి వచ్చి, హాల్లో కూర్చుని, తిరిగి వెళ్ళేవారు. రెజీనా గారు డైరెక్టరు గారి గదికి వెళ్ళారు. కాగితాలు పట్టుకుని నేను వెనకాల నిలబడ్డాను.

"సార్, ఈ వారం దాటిందంటే ఈ మందు ఇచ్చినా ఇవ్వనట్టే. ఆవిడ ఒంట్లో ఏం మిగిలుందో మనకి తెలీదు. అది మన కోసం ఆగదు."

డైరెక్టరు గారు ఓపిగ్గా విన్నారు. అప్పటికి ఆయన కూడా మోతాదులన్నీ పూర్తి చేసుకున్నారు. "డాక్టర్ గారూ, మీరు ఒక వ్యక్తి నిరోధక శక్తి గురించి ఆలోచిస్తున్నారు. అది మీ ధర్మం. నేను ఒక సంస్థ నిరోధక శక్తి గురించి ఆలోచించాలి. వ్యక్తులు వస్తారు, పోతారు. సంస్థ శాశ్వతం."

"మీరు చేస్తున్నది టీకా కాదు సార్. నేను బుడగలు ఎక్కించేది కాపలా మేలుకోడానికి. మీరు ఎక్కిస్తున్నది కాపలా నిద్రపోడానికి. ఆ పని చెయ్యడానికి నేనూ అక్కర్లేదు, మీరూ అక్కర్లేదు. గడ్డ రోజూ చేస్తున్నది అదే."

డైరెక్టరు గారు వరాహమూర్తి గారి వైపు తిరిగి, ఇది ఫిర్యాదేనా అని అడిగారు. వరాహమూర్తి గారు పరిశీలించి, ప్రాథమికంగా ఆ లక్షణాలు కనిపిస్తున్నాయని చెప్పారు. అయితే సేకరించండి అన్నారు డైరెక్టరు గారు. మర్నాటి ఉదయం మోతాదులో అది శుద్ధి అయి వచ్చింది. అందులో మిగిలింది, "మేలుకోడానికి నేనూ అక్కర్లేదు" అన్నది. ఎవరి నాడీ కదల్లేదు.

ఆ మోతాదు విన్నాక రెజీనా గారు లాబుకి వచ్చి, చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ చాలాసేపు కిటికీలోంచి కిందికి చూశారు. కొండ కింద సముద్రం, దానికి ఇవతల బస్టాండు కనిపిస్తాయి. తర్వాత ఫోను తీసి ఈశ్వరమ్మకి చేశారు.

"ఈశ్వరమ్మా, నువ్వు ఆపకుండా ఎంతసేపు తిట్టగలవు?"

"ఎవుల్ని డాక్టరమ్మా?"

"అందర్నీ."

"అందర్నీ అయితే మీకెంతసేపు కావాలో సెప్పండి" అంది ఈశ్వరమ్మ.

ఆ వారం చివర్లోనే బృందం వచ్చింది. ముగ్గురు సభ్యులు, ఒక అధ్యక్షుడు. హాల్లో బెంచీలు తిరిగొచ్చాయి, మేకులు ఊడదీశారు, ఫాన్లు తిరిగాయి. ఆ ఒక్కరోజు రోగుల్ని రావద్దన్నారు కాబట్టి ఆ ఫాన్ల కింద ఎవరూ లేరు. సిబ్బందినంతా ఆడిటోరియంలో కూర్చోబెట్టి, వేళ్ళకి క్లిప్పులు తగిలించి, ఎవరి నాడి ఎంతో పెద్ద తెర మీద కనిపించేలా ఏర్పాటు చేశారు. కాపలావాళ్ళూ, లిఫ్టు నడిపేవాళ్ళూ కూడా అక్కడే ఉన్నారు. ఒక్కరికి కూడా మినహాయింపు లేకుండా నూరు శాతం హాజరు ఉండాలని ఆదేశం.

డైరెక్టరు గారు మైకు ముందుకి వచ్చి, ప్రపంచంలో చాలా సంస్థలు ఫిర్యాదుల్ని పరిష్కరించే ప్రయత్నంలో విలువైన కాలాన్ని వృథా చేసుకున్నాయని, మన సంస్థ సమస్య మూలాల్లోకి వెళ్ళిందని చెప్పారు. ఇప్పుడు తీవ్రత తగ్గించని, శుద్ధి చెయ్యని, పూర్తి బలం ఉన్న దూకుడు రకం ఫిర్యాదుని సభ ఎదుట ప్రవేశపెడుతున్నామని ప్రకటించి, ఈశ్వరమ్మని వేదిక మీదికి పిలిచారు.

ఈశ్వరమ్మ చెంగు నడుముకి దోపుకుంది. ఆవిడ ఏం తిట్టిందో ఇక్కడ రాయలేను. బట్టీ గురించి చెప్పింది, బస్సు గురించి చెప్పింది. మా తోటికోడలు తన కూతుర్ని ఎనిమిదో తరగతి మానిపించి వంటకి పెట్టిందని, ఆ పిల్ల మా అమ్మ ఎప్పుడొస్తుంది పెద్దమ్మా అని ఫోనులో అడుగుతోందని చెప్పింది. ఒక్కొక్కర్నీ వేలెత్తి చూపించి, నువ్వేం తింటన్నావు, నీకు తిన్నది ఎలా అరుగుతోంది అని అడిగింది. తెర మీద గీతలు సాఫీగా పోతున్నాయి. నర్సు గీత కూడా సాఫీగానే పోతోంది. బృందం అధ్యక్షుడు ముందుకి వంగి రాసుకుంటున్నాడు.

అప్పుడు రెండో వరసలోంచి రెజీనా గారు లేచారు. ఈశ్వరమ్మ గేటు పాసు మీద తోడుగా వచ్చి పక్కన కూర్చున్న సన్యాసమ్మ చెయ్యి పట్టుకుని, నడిమి దారిలోంచి తలుపు వైపు నడిచారు. ఐసుపెట్టె పట్టుకుని వెనకాల నేను. ముందు వరస దాకా అందరికీ కనిపించాం. ఎవరూ తల తిప్పలేదు.

లాబులో ఫ్రీజరు తెరవాలంటే డైరెక్టరు గారి ఆఫీసు ఇచ్చే అంకె నొక్కాలి. మా దగ్గర ఆ అంకె లేదు. రెజీనా గారు పిడి పట్టుకుని లాగేశారు. అలారం మొదలైంది. నిప్పంటుకుంటే మోగేలాంటి అలారం, రెండు అంతస్తులకీ వినిపించేది. మెట్ల మీద అడుగుల చప్పుడు వస్తుందేమోనని నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ చప్పుడు రాలేదు. అలారం మోగీ మోగీ తనే ఆగిపోయింది.

ఆడిటోరియంలో కూడా అది బాగా వినిపించిందట. గీతలు కదల్లేదట. అది ప్రదర్శనలో భాగమనుకుని బృందం అధ్యక్షుడు అదనపు మార్కులు వేశాడట.

సీసా గది వేడికి వచ్చేదాకా ఆగాం. రెజీనా గారు సీసా మీద పేరు చదివారు, సన్యాసమ్మని ఆమె పేరు అడిగారు, మళ్ళీ సీసా మీద పేరు చదివారు. తర్వాత ఖాళీ ఓపీ హాల్లో, తిరుగుతున్న ఫాను కింద, బెంచీ మీద కూర్చోబెట్టి భుజానికి ఇంజెక్షన్ ఇచ్చారు. సన్యాసమ్మ ఫాను కేసి చూసి, "బాగా తిరుగుతోంది ఇయ్యాల" అంది. ఒళ్ళు తూలుతుందేమో, దద్దుర్లు లేస్తాయేమో అని చెయ్యవలసినంతసేపూ పక్కనే కూర్చుని చూశాం. పైనుంచి ఈశ్వరమ్మ గొంతు తగ్గకుండా వినిపిస్తూనే ఉంది.

సంస్థకి అత్యున్నత గుర్తింపు వచ్చింది.

సాయంత్రం వరాహమూర్తి గారు సీసాలు లెక్క చూసుకుని, ఒకటి తగ్గిందని కనిపెట్టారు. ఆయన పద్ధతి తప్పే మనిషి కాదు. డైరెక్టరు గారి సంతకం లేకుండా, నిబంధనలకు విరుద్ధంగా, డాక్టర్ రెజీనా రోగికి మందు ఇచ్చారని రాసి పంపారు. అది ఫిర్యాదు కాబట్టి శుద్ధి విభాగానికి వెళ్ళింది. గుర్తింపు వచ్చిన ఆ సాయంత్రమే అక్కడ కొత్త సిబ్బందిని వేశారు. వాళ్ళు సంతకాన్ని తీసేశారు, విరుద్ధాన్ని తీసేశారు. మర్నాడు ఉదయం ప్రార్థన అయ్యాక, "డాక్టర్ రెజీనా రోగికి మందు ఇచ్చారు" అన్న మోతాదు సిబ్బందికి చదివి వినిపించారు. డైరెక్టరు గారు కూడా నిలబడి విన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ మధ్యాహ్నం మేము లాబు బయట గట్టు మీద కూర్చుని డబ్బాలు విప్పుకుంటుంటే రెజీనా గారి ఫోను మోగింది. ఈశ్వరమ్మ. ఫోను చెవికి ఆనించుకోకపోయినా నాకు వినిపించేంత గొంతుతో మాట్లాడుతోంది.

"ఏటి పొడిసీసినారు డాక్టరమ్మా దానికి? రేత్తిరినించి జొరం. సెయ్యి పొంగీసింది. ఒళ్ళు కాలిపోతంది. నమ్మి తీసుకొత్తే ఇలాగేటి సేత్తారా. నాను మీకోసం గొంతు పోయేలాగ అరిసినాను, మీరేటి దాన్ని సంపీడానికా."

రెజీనా గారు అన్నం కలిపిన చేత్తోనే లేచి నిలబడ్డారు. జ్వరం ఎంతుందని అడిగారు, ఊపిరి ఆడుతోందా, మొహం ఉబ్బిందా, తిన్నది నిలుస్తోందా అని అడిగారు. ప్రతి జవాబుకీ మధ్య ఈశ్వరమ్మ తిట్లున్నాయి. రెజీనా గారు ఒక్క తిట్టు కూడా వదలకుండా, అడ్డు రాకుండా, చివరిదాకా విన్నారు. జ్వరానికి ఏ మాత్ర వెయ్యాలో చెప్పి, ఇంకా పెరిగితే వెంటనే బయల్దేరమని, ఏ వేళయినా గేటు దగ్గర తనుంటానని చెప్పి, ఒకసారి ఫోను సన్యాసమ్మకి ఇమ్మన్నారు.

"భయపడకు సన్యాసమ్మా. కాపలా కణాలకి ఆ మందు తగిలితే ఒక్కోసారి ఇలాగే జ్వరం వస్తుంది. గడ్డ మీదికి పోతాయో లేదో మాత్రం నాకు ఇంకా తెలీదు. చూస్తూ ఉండాలి. నీకెలా ఉంది?"



"ఏమో డాక్టరమ్మా," అంది సన్యాసమ్మ. "లోపల ఎవులో లెగిసినట్టుంది."